మళ్ళీ సున్నా నుంచి

ముప్ఫయ్యేళ్ళు రేడియోలు బాగుచేసిన హిమూంగా, జాంబియాలోని చోమాలో కంప్యూటర్ ఆటల గది తెరిచాడు. ఊళ్ళో కరెంటు రోజుకి నాలుగే గంటలు. ఆటలు తెరిచే పాడు లాంచర్‌కి కొత్త అప్‌డేట్ దిగాలంటే అయిదు గంటలు. అది దిగితే గాని ఒక్క ఆటా తెరుచుకోదు. కరెంటు పోతే దిగిందంతా పోయి, మర్నాడు మళ్ళీ సున్నా.

"ఆగినచోటి నుంచి దిగేలా చెయ్యండయ్యా" అని లాంచర్ కంపెనీకి మూడు నెలల్లో నలభై ఫిర్యాదులు రాశాడు.

"మీ టోంగాలు ఆవులతో మాట్లాడతారనుకున్నా. పెట్టెలతో కూడానా బావా?" అంది గుమ్మం పక్కన బూరెలు వేయించే లోజీ తెగ మనిషి నమకావు. పశువులు కాసే టోంగా తెగకీ, లోజీలకీ తరాలుగా వేళాకోళపు బావామరదళ్ళ వరస.

"నీ మొహం! జవాబొచ్చింది చూడు" అంటూ ఫోన్ తెరిచాడు.

"మీ సమస్యను కొత్త అప్‌డేట్‌లో సరిచేశాం. దించుకోండి. పట్టే సమయం: ఆరు గంటలు."