పెట్టె పాడితే భక్తి, అవ్వ పాడితే అల్లరి

నా చిన్నప్పుడు, కోవూరు దగ్గర మా పేట చర్చిలో, చెప్పులు గుమ్మం దాకా వచ్చేవి. డప్పు అంత దూరం కూడా రాకూడదు. చావుకు కొట్టే తోలు దేవుడి ముందు మోగరాదని సంఘపెద్ద కట్టడి.

మా అవ్వ వరినాట్లలో పాట అందుకునే మనిషి. ఆమె ఒక చరణం పిలిస్తే, మడిలో వంగిన ఆడవాళ్ళంతా కలిసి బదులు పలికేవాళ్ళు. ఆ వరసలోనే దేవుడికి ఒక పాట కట్టి, కోతపండగ నాడు చర్చిలో పాడాలని ఆశపడింది. సంఘపెద్ద నలుగురిలో ఆమెను చూసి నవ్వాడు. "ఇది మడి గాదు ముసిలీ, మందిరం" అన్నాడు. ఆ రోజంతా అవ్వ అన్నం ముట్టలేదు.

మా మేనత్త ఆసుపత్రిలో ఆయా. ఊరు విడిచి తన దేశం వెళ్తూ ఒక దొరసాని డాక్టరమ్మ ఆమెకు రికార్డులు తిప్పే పెట్టె, దానితో ఒక రికార్డు ఇచ్చింది. అందులో మాటల్లేవు. పియానో పిలుస్తుంది, బాకాలు మూలిగినట్టు బదులు పలుకుతాయి. ఆదివారం ఆరాధన అయ్యాక అత్త దాన్ని చర్చి అరుగు మీద పెట్టింది. సంఘపెద్ద కళ్ళు మూసుకుని తలాడించాడు.

"దొరల భక్తి చూడండి! పాటంటే ఇట్టా ఉండాల."

అత్త ముల్లు మళ్ళీ మొదటికి పెట్టి అవ్వకు సైగ చేసింది. ఈసారి పియానో పిలిచిన ప్రతిచోటా అవ్వా, ఆమె జట్టూ నాట్లలో పలికినట్టే పలికారు. గోడ వెనక దాచిన డప్పు మా మామ అందుకున్నాడు. అచ్చంగా అతికింది.

"ఆపండెహె!" అని సంఘపెద్ద లేచాడు.

"ఏది ఆపాల పెద్దయ్యా? పెట్టెనా, మనోళ్ళనా?" అంది అత్త. "అది దొరల పాట గాదు. డాక్టరమ్మ చెప్పింది. పశువుల్లెక్కన అమ్ముడుపోయి, పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లోళ్ళు, మనలాంటోళ్ళే, గుళ్ళో ఒకరు పిలిస్తే అందరూ పలికేవాళ్ళంట. వాళ్ళ మనవలు ఆ పిలుపునే బాకాల్లోకి తెచ్చినారు. సారాకొట్టు పాటని దాన్నీ తిట్టినోళ్ళు ఉండారంట, నీ మాదిరే!"

ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తప్పయిందని అననే లేదు. కోతపండగ నాడు అవ్వ ఎవరినీ అడక్కుండా లేచి పాడింది. డప్పు మాత్రం గుమ్మం బయటే మోగింది. అవ్వ పోయేదాకా బయటే.

అందుకే నా కోపం ఇంకా చల్లారలేదు. ఇప్పుడు మా చర్చిలో కీబోర్డు ఉంది, మనిషెత్తు స్పీకర్లు ఉన్నాయి. వెనక చాప మీద ఏ ముసలమ్మో గొంతెత్తితే, కీబోర్డు ఆయన వెనక్కి తిరిగి పెదవి మీద వేలు పెడతాడు. అప్పుడు నేను లేచి నిలబడి, చప్పట్లు కొడుతూ ఆమెకు బదులు పలుకుతాను. ఒక్కదాన్నయినా సరే.