ఖాట్మండులో అన్నం అడిగితే

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో సెలవు పెట్టి, మా ఆవిడతో నేపాల్ వెళ్లాను. శివరాత్రి ఉపవాసం, జాగారం అయ్యాక ఇద్దరం మధ్యాహ్నం దాకా నిద్రపోయాం. ఆకలితో ఖాట్మండు హోటల్లో అన్నం అడిగితే పళ్లెంలో పొడి అటుకులు పెట్టారు! అక్కడ అన్నం తినేది పొద్దున పదింటికేనట, మధ్యాహ్నం అటుకులేనట.

“ఉపాసమున్నోళ్లకు అటుకులా? జర సిగ్గుండాలె!” అని బల్ల గుద్ది అరిచాను. బజారంతా పోగయింది, పోలీసులొచ్చారు.

నిజానికి పోలీసులు రాలేదు. బల్ల గుద్దిందీ మా ఆవిడే. “అటుకుల బతుకమ్మ ఆడతందుకు వచ్చిన్నా నేను? అన్నం పెట్టుమనుండ్రి!” అంది. నేను మెల్లగా, “భయ్యా, జర పెరుగన్నా ఉన్నదా?” అన్నాను.

ఆకలికి వేళ పెట్టిన ఆ ఊరి మీద నాకిప్పటికీ కోపమే. నేను ఇంటికి ఆలస్యంగా వస్తే మా ఆవిడ అటుకుల డబ్బా ముందుపెట్టి, “అన్నం పదింటికే అయిపోయింది, ఖాట్మండు సాబ్” అంటుంది.