నల్లా దాకా నడక

గుండె ఆపరేషన్ అయ్యాక సాయవ్వను రోజూ నడవమన్నాడు డాక్టరు, చిన్నాచితకా పనులు చేసుకోమన్నాడు. ముంబై కామాటిపుర తొమ్మిదో గల్లీలోని ఆ ఇరుకు గదుల చాల్‌లో మాత్రం గుండెజబ్బు మనిషంటే గాజుబొమ్మే. కోడలు గ్లాసు కూడా ఎత్తనివ్వదు, ఇరవై ఏళ్లు ఇసుక తట్టలు మోసిన మనిషిని!

సాయవ్వ రోజూ గ్యాలరీలో పదిసార్లు అటూ ఇటూ నడిచేది. ఆ చివరన అందరూ నీళ్లు పట్టుకునే నల్లా ఉంది. బిందెల వరుస కోసం పక్కింటి నర్సవ్వతో ముప్పై ఏళ్లు అక్కడే కొట్లాడింది. ఇప్పుడు తను కనబడితే చాలు, నర్సవ్వ గొంతు తగ్గించి, "కూసో అక్కా, ఆరాం చెయ్యి" అంటుంది. ఆ తియ్యటి మాట వినలేకే సాయవ్వ వెనక్కి తిరిగేది.

ఒక పొద్దున చెంబు పట్టుకెళ్లి, కావాలనే నర్సవ్వ బిందెను కాలితో జరిపి, తన చెంబు ముందు పెట్టింది. తిట్టు కోసం చెవులు రిక్కించింది. నర్సవ్వేమో చెంబు నింపి, తానే ఇంటి దాకా తీసుకెళ్లబోయింది.

సాయవ్వ కళ్లు నిండాయి.

"డాక్టరు నడువుమన్నడే నర్సవ్వా," అంది. "నీతోటి కొట్లాడొద్దని అనలే."