గడ్డం ఆనించి విన్న గిటారు

ఈమధ్య మా మనవరాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఎలక్ట్రిక్ గిటారును అట్టపెట్టెతో సహా తెచ్చి నా మంచం మీద పెట్టి, రేపటితో వాపసు గడువు అయిపోతుంది, ఉంచుకోవాలో పంపెయ్యాలో నువ్వే చెప్పాలి అమ్మమ్మా అంది. కాకినాడలో నా దగ్గరే ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్ల. చవకగా దొరికిందన్న సంబరం ఒక పక్క, ఇంత చవకది ఏం పలుకుతుందిలే అన్న బెంగ ఇంకో పక్క. ఫోన్లో ఊరూ పేరూ తెలియని వాళ్ళు చెప్పిన అభిప్రాయాలన్నీ చూసిందట. సగం మంది బంగారం అన్నారట, సగం మంది పొయ్యిలోకి పనికొస్తుందన్నారట. ఎవరి మాట నమ్మాలో తేలక, చివరికి చెవిలో వినికిడి మిషను పెట్టుకున్న ముసలిదాని దగ్గరికొచ్చింది. నవ్వొచ్చింది గానీ, లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మన రోజుల్లో ఆడపిల్ల గిటారు వాయించడమేమిటని మీలో కొందరికైనా అనిపిస్తుంది. అప్పట్లో మా ఊళ్ళోనూ అలాగే అన్నారు లెండి. నేను మాత్రం ఆ గిటారును పైకెత్తి, ఒక కన్ను మూసి, తల దగ్గర నుంచి చివరిదాకా మెడ వంకర పోయిందేమో చూశాను. మెడకు అడ్డంగా బిగించిన లోహపు మెట్ల అంచుల మీద వేలు రాస్తే ఒకటి రెండు చోట్ల గీసుకుంది. ప్రతి తీగనూ ఒక్కో మెట్టు మీద నొక్కి, ఎక్కడ గరగరమంటుందో వెతికాను. తీగలు బిగించే బిరడాలు తిప్పి, తీగను గట్టిగా లాగి వదిలి, శ్రుతి నిలుస్తుందో జారిపోతుందో చూశాను. ఇవన్నీ ఎవరు నేర్పారమ్మమ్మా అని అడిగింది పిల్ల. గిటారు వాయించడం రాని మనిషి నేర్పాడని చెప్పాను. ఆయన మా నాన్నగారు.

పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో మాది లూథరన్ క్రైస్తవ సంఘం. నాన్నగారు మిషను స్కూల్లో మాస్టారు, ఆదివారం గుడిలో హార్మోనియం వాయిస్తూ పాటలు పాడించేది కూడా ఆయనే. ఆయన కుర్చీ బలిపీఠానికి ఎడమ పక్కన, కిటికీ దగ్గర ఉండేది. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేను ఎరగను, పాస్టరుగారైనా పక్కన నిలబడే మాట్లాడేవారు. అటువంటి మనిషికి నేను డిగ్రీలో చేరేనాటికి పాట జారడం మొదలైంది. జనం చరణంలోకి వెళ్ళిపోయినా ఆయన పల్లవి దగ్గరే ఉండేవారు, లేదా అందరూ ఆగాక కూడా వాయిస్తూనే ఉండేవారు. మన గోదావరి వాళ్ళ మర్యాద మీకు తెలియనిది కాదు, ఒక్కరూ ముఖాన అనలేదు, పాటనే ఆయన కోసం నెమ్మది చేసుకుని పాడేవారు. ఇంట్లో ఆయన హార్మోనియం మీదికి వంగి, పైచెక్కకు గడ్డం ఆనించి వాయించుకోవడం చూసి, నడుము నొప్పి కాబోలు అనుకునేదాన్ని.

అప్పుడే అన్నయ్యకు కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకు సంఘం యువకుల కోసమని ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొనుక్కొచ్చాడు. షాపులో ఉన్నవాటిలోకెల్లా చవకది. దాని మోత వినిపించే పెట్టె వేరే కొనాలని వాడికి తెలుసు, కానీ అంత డబ్బు లేదు, గుడిలో మైకు సెట్టు ఉందిగా అనుకున్నాడు. శని, ఆదివారాలు వచ్చినప్పుడు వాడు నాకు నేర్పేవాడు, నాకు ఇట్టే పట్టుబడింది. ఆ గిటారు మీద నాకు ఎంత మోజంటే, పొయ్యి దగ్గర కూర్చున్నా వేళ్ళు గరిటె కాడ మీద మెట్లు వెతికేవి. అది గుడిలోకి రావాలని ఎంతో కోరుకున్నాను. వస్తే హార్మోనియం మూలకు చేరి నాన్నగారి కుర్చీ పోతుందని కూడా నాకు తెలుసు. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని తిరిగాను.

మా సంఘంలో కొత్త వస్తువేదైనా, గడియారమైనా తివాచీ అయినా, ముందు పెద్దలు పరీక్షించి, బలిపీఠం ముందు పెట్టి ప్రార్థన చేశాకే వాడుకలోకి వచ్చేది. గిటారు సంగతి తేల్చడానికి కోతపండుగ ముందరి శనివారం సాయంత్రం పెట్టుకున్నారు. నాణ్యత చెప్పగలిగిన చెవి ఊళ్ళో నాన్నగారిదేనని తీర్పు ఆయనకే అప్పజెప్పారు. వాళ్ళ ఉద్దేశం గౌరవమే గానీ, అమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. "మీ కుర్చీకి మీరే ఎసరు పెట్టుకుంటారా?" అంది ఆయన చొక్కా మడత సరిచేస్తూ. ఆయనకు వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నారో చెప్పలేను.

మర్నాటి కానుకల కోసం తెచ్చిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు వరండా అంతా నిండి ఉన్నాయి. అన్నయ్య గిటారు వైరును మైకు సెట్టుకు తగిలించాడు. ఆ సెట్టుకు ఉన్నది గుడి గోపురానికి కట్టిన రేకు గొట్టం, ఊరందరినీ ఆరాధనకు పిలిచేందుకు పెట్టినది. నేను మొదటి తీగ మీటానో లేదో, గొట్టం గీ... మని ఒకటే అరుపు. కోళ్ళన్నీ తలకిందులై కొట్టుకున్నాయి, ఒకటి తాడు తెంపుకుని పాస్టరుగారి కాళ్ళ సందున దూరింది. "కోళ్ళకే నచ్చలేదండి, మనకేం నచ్చుతుంది?" అన్నారు ఒక పెద్దాయన, అందరూ నవ్వారు. అన్నయ్య ముఖం మాడిపోయింది. దీనికి వేరే పెట్టె ఉంటుందండి అని వాడు చెప్పబోయినా వినే ఓపిక ఎవరికీ లేదు. ఇది దేవుని సన్నిధిలో పనికి రాదని దాదాపు తేల్చేశారు. నాన్నగారు అవునంటే చాలు, ఆయన కుర్చీ ఆయనకు ఉండిపోతుంది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపూ వచ్చింది, హమ్మయ్య అని కూడా అనిపించింది.

ఆయన మాత్రం లేచి వచ్చి, వైరు పీకెయ్యమని సైగ చేశారు. గిటారును నా చేతుల్లోంచి తీసుకుని, మెడను కంటికెదురుగా పట్టుకుని చూశారు, మెట్లు తడిమారు. తర్వాత తన కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగా, గిటారు చెక్కకు పైన కొమ్ములా పొడుచుకొచ్చిన అంచు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఒక్కో తీగా మీటి, అది పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగి, అప్పుడు రెండోది మీటారు. ఇంట్లో హార్మోనియం మీద ఆయన ఎందుకలా వంగేవారో నాకు అప్పుడు అర్థమైంది. నాకే కాదు, అక్కడున్న ప్రతివాళ్ళకూ అర్థమైంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న చెవుడు సంగతిని ఒక చవక గిటారుకు న్యాయం చెయ్యడం కోసం ఆయన నలుగురిలో పెట్టేశారు.

"మెడ తిన్నగా ఉందండి. మూడో తీగ బిరడా వదులు, బిగిస్తే సరిపోతుంది. నాదం చాలాసేపు నిలుస్తోంది," అన్నారు తల ఎత్తి. "గొట్టాన్ని చూసి దీన్ని కాదనకండి. రేపటి నుంచి మా అమ్మాయి వాయిస్తుంది. నాకు మీ పాట అందడం లేదండి, చాలా రోజులైంది."

ఇందాక కోళ్ళ మాట అన్న పెద్దాయనే దగ్గరికొచ్చి, ఆయన చెవికి నోరు ఆనించి గట్టిగా చెప్పారు. "మాస్టారూ, కుర్చీ మాత్రం మీదేనండి, తియ్యం."

ఆ మాట నిలబెట్టుకున్నారు. కోతపండుగ కానుకల వేలంలో వచ్చిన డబ్బుతో కాకినాడ నుంచి చిన్న యాంప్లిఫయర్ పెట్టె తెప్పించారు. దాన్ని నాన్నగారి కుర్చీ పక్కనే పెట్టారు. నేను వాయిస్తుంటే ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవారు, చేతికి అందిన పాటను పట్టుకుని జనంతో పాటు పాడేవారు. మగవాళ్ళ వైపు ఆడపిల్ల కూర్చుందని గొణిగినవాళ్ళు కూడా ఆయన మళ్ళీ చరణం తప్పకుండా పాడటం చూసి ఊరుకున్నారు. ఆయన పోయేదాకా ప్రతి ఆదివారమూ అలాగే గడిచింది.

ఇంత కథా చెబుతుంటే మా మనవరాలు ఫోన్ పక్కన పెట్టి విన్నది. ఆ తర్వాత తన గిటారుకు హెడ్‌ఫోన్లు తగిలించి నా తలకు పెట్టింది, చెవిలో మిషను కుయ్యిమని కూసింది. రెండూ తీసేశాను. గిటారు కొమ్ము మీద నా గడ్డం ఆనించుకుని, ఒక్కో తీగా మీటమని పిల్లతో అన్నాను. చెక్కలోంచి దవడలోకి వచ్చింది నాదం, సన్నగా, చక్కగా, చాలాసేపు. మెట్ల అంచులు ఎవరిచేతనైనా అరగదీయించుకో, మిగతాదంతా బాగుంది, ఉంచుకో అని చెప్పాను. పిల్ల ఎగిరి గంతేసింది.

ఇప్పుడు తను రోజూ వాయిస్తూనే ఉంటుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని. పక్కింటివాళ్ళకు ఇబ్బంది లేదు, నా నిద్రకూ భంగం లేదు. వేళ్ళు కదులుతుంటాయి, తల ఊగుతుంటుంది, ఇంట్లో చప్పుడే ఉండదు. ఆదివారం వెళితే మా గుడిలోనూ నిలువెత్తు స్పీకర్లు, పాట వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ పాట అందనివాళ్ళు మాలో ఎవరో ఉండే ఉంటారు, వాళ్ళ కోసం నెమ్మదిగా పాడేవాళ్ళే కనిపించరు. నిన్న సాయంత్రం ఉండబట్టలేక వెళ్ళి తన పక్కన కూర్చున్నాను. పిల్ల నా వైపు చూసి, ఏమీ అడగకుండానే గిటారును కొంచెం నా వైపు వంచింది.