మేనత్త చేతి నలుగు

మాది చేవెళ్ల. నా చదువు ఐదో తరగతితోనే ఆగింది. మా ఆయన నడుం దెబ్బతిని మేస్త్రీ పని మానేశాక, మొయినాబాదులో ఒక ప్రకృతి చికిత్సాలయంలో గదులు ఊడ్చడానికి చేరాను. అక్కడే మర్దన నేర్చుకున్నాను. మొదట్లో ఒకరి వీపు తాకాలంటేనే వెనకాడేదాన్ని. ఇప్పుడు నరం ఎక్కడ పట్టేసిందో వేళ్లే చెబుతాయి.

పోయిన వేసవిలో మా అన్న బిడ్డ స్వప్నను పెళ్లికూతుర్ని చేశారు. మా ఇంట్లో మొదటి నలుగు మేనత్తే పెట్టాలి. పసుపు, సెనగపిండి, నూనె కలిపిన గిన్నె అందుకోబోతే మా వదిన లాక్కుంది.

"ఆగు! మగోళ్ల ఒళ్లు పిసికే చేతులతోని నా బిడ్డను ముట్టకు."

వాకిలి నిండా చుట్టాలు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒకప్పుడైతే ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయేదాన్ని.

"పిసికిన వదినా. పక్షవాతమొచ్చిన ముసలాయన చెయ్యిని మూడు నెలలు పిసికిన. ఇప్పుడు ఆయన బువ్వ ఆయనే కలుపుకుంటున్నడు. గీ చేతులకేం మైలంటింది, చెప్పు!"

గిన్నె కోసం చాచిన చెయ్యి దించలేదు.

పీట మీది నుంచి స్వప్న, "అమ్మా, అత్తకియ్యి. లేకుంటే నేను గిట్లనే కూసుంట" అని నా వైపు కాళ్లు చాపింది. వదిన గొణుక్కుంటూ గిన్నె ఇచ్చింది. నాకు వచ్చిన పనితనమంతా చూపిస్తూ పాదాల నుంచి భుజాల దాకా పెట్టాను.

మర్నాడు బస్సులో పక్కనామె నా పసుపు గోళ్లు చూసి, "ఏం పని చేస్తవక్కా?" అంది. అంతకుముందు ఎవరడిగినా దవాఖానలో అని నసిగేదాన్ని.

"మాలిష్ చేస్త. నిన్న మా మేనకోడలికి మొదటి నలుగు నేనే పెట్టిన" అన్నాను, బస్సంతా వినేలా.