ఆపరేషన్‌కు ముందు గుండెను పలకరించిన మెహరున్నీసా గారు

మా సత్తెనపల్లి హృద్రోగ వైద్యురాలు డాక్టర్ మెహరున్నీసా గారు మొన్న ఆదివారం నిద్రలోనే కన్నుమూశారు. ముందురోజు సాయంత్రమే ఫోన్లో నాతో హాయిగా నవ్విన మనిషి.

నేను సర్జన్‌ని. తొందర లేని ఆపరేషన్ ఏదైనా, రోగి గుండె తట్టుకుంటుందో లేదో ఆవిడ తేల్చాకే నేను కత్తి పట్టేవాణ్ణి.

ఒకసారి కోటయ్య అనే మిర్చి రైతు హెర్నియాతో వచ్చాడు. "కోతలైపోయినయ్. కాయలు యార్డుకు తోలేలోగా కానిచ్చెయ్యండి" అన్నాడు. ఆయాసం లేదన్నాడు. మెహరున్నీసా మేడమ్ దగ్గరికి పంపితే, ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఈ మధ్య ఏ పని మానేశారు కోటయ్య గారూ?"

"ఏదీ మాన్లేదండీ."

పక్కనున్న భార్య ఊరుకోలేదు. "బస్తా ఎత్తి ఏడాదైందండీ. ఎత్తితే కళ్ళు తిరుగుతున్నయ్యంట."

"నువ్వుండవే" అన్నాడు కోటయ్య.

"ఆమెను చెప్పనివ్వండి. తర్వాత మీ గుండెను అడుగుతాను" అంటూ ఆవిడ స్టెతస్కోపు పెట్టారు. ముఖంలో నవ్వు ఆగిపోయింది. స్కానింగ్‌లో గుండె కవాటం బాగా ఇరుకైపోయిందని తేలింది. అలాగే మత్తిస్తే బీపీ పడిపోయి మనిషి మాకు దక్కేవాడు కాదేమో.

"వాపుకని వస్తే గుండెజబ్బు తగిలించారేందండీ?"

"నేను తగిలించలేదండీ. మీరే వెంట తెచ్చుకున్నారు."

అలుగుతూనే గుంటూరు వెళ్ళి కవాటం మార్పించుకున్నాడు. కొన్ని నెలలకు ఆవిడ సరేనన్నాక హెర్నియా నేను చేశాను. కుట్లు మానీ మానకముందే, ఆవిడకు చూపించాలని ఆసుపత్రి వాకిట్లో బస్తా ఎత్తబోయాడు. ఆవిడ పరుగెత్తి దాని మీద కూర్చున్నారు. "నన్ను కూడా ఎత్తుతారా ఏంటి?" అంటే అందరం పడీపడీ నవ్వాం.

ఆపడమే ఆవిడ పని అనుకుంటే పొరపాటు. కంటి శుక్లం ఆపరేషన్‌కు భయపడి, గుండె పరీక్షలన్నీ రాయమన్న చీరాల నేత కార్మికుణ్ణి కాసేపు మాట్లాడించి, నాడి చూసి, అవేవీ అక్కర్లేదని ధైర్యం చెప్పి ఆపరేషన్‌కు పంపేశారు. "భయపెట్టడం వైద్యం కాదు, తేల్చి చెప్పడం వైద్యం" అనేవారు.

అంత్యక్రియల రోజున ఖబరస్తాన్ బయట జనం కిక్కిరిశారు. ముక్కూమొహం తెలియని ఇద్దరు నా పక్కనే మాట్లాడుకున్నారు.

"మీకు ఏ ఆపరేషన్ ఆపిందండీ?"

"మోకాలు. మీకో?"

"నాకు ఆపలేదు. ధైర్యంగా పొమ్మంది."

ఇద్దరూ నవ్వి, ఆ వెంటనే కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ వినిపించుకున్న గుండెలన్నీ అక్కడ కొట్టుకుంటూ నిలబడి ఆవిడను సాగనంపాయి. ఆ సౌజన్యమూర్తికి అంతకు మించిన అంజలి నేను ఘటించలేను.