మాగని పెట్టె

మా నాన్నకి మోకాలి చిప్ప మార్చారు, సరిగ్గా మామిడి కోతల ముందు. వేసవంతా గడప దాటొద్దన్నాడు డాక్టరు. నూజివీడులో మామిడి వ్యాపారిని వేసవిలో ఇంట్లో కూర్చోబెడితే ఇంట్లోవాళ్లు ఏమైపోతారో ఆ మహానుభావుడు ఆలోచించలేదు.

కొట్టు నా చేతికొచ్చింది. పేరుకే వచ్చింది. నాన్న మంచం మీద నుంచి ఫోన్లో నడిపేవాడు. "రెడ్డిగూడెం లోడు దిగిందా? రసాలు పైన పెట్టారా, కింద పెట్టారా? ఆ చప్పుడేంటి?" నేను రైతుతో బేరం మాట్లాడుతుంటే సరిగ్గా అప్పుడే మోగేది. ఆ రైతు నవ్వి, "నాన్నగారినే అడిగి చెప్పమ్మా, నేను ఆగుతాలే" అనేవాడు. ఒళ్లు మండిపోయేది. ఈ ఒక్క సీజన్ సొంతంగా చేసి చూపించకపోతే, ఇక ఈ ఊళ్లో నేను ఎప్పటికీ నాన్నగారిని అడిగి చెప్పే అమ్మాయినే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగలేదు. ఎంతసేపటికీ మోగలేదు. కొట్టు వదిలేసి ఇంటికి పరిగెత్తాను. ఎదురింట్లో ఇంటర్ చదివే అమ్మాయి తన వీడియో గేమ్ పెట్టె తెచ్చి మా టీవీకి తగిలించింది. నాన్న నాలుక కరుచుకుని, కంట్రోలర్ రెండు చేతులా పట్టుకుని క్రికెట్ ఆడుతున్నాడు.

"కాలు ఎలా ఉంది నాన్నా?"

"ఉండు, ఫ్రీ హిట్" అన్నాడు.

నాకు ఆ క్షణంలో దేవుడు కనిపించాడు. అప్పు చేసైనా సరే, అలాంటి పెట్టె ఒకటి కొనాలనుకున్నాను.

తీరా కొందామంటే అది ఎక్కడా లేదు. బెజవాడలో ఏ షాపుకి ఫోన్ చేసినా "స్టాక్ లేదండి" అనే మాటే. ఆన్‌లైన్లో అప్పుడప్పుడు కనిపించేది కానీ, అడ్రసు కొట్టేలోపు మాయమయ్యేది. చిప్పులు దొరక్క ఫ్యాక్టరీల్లో తయారీ తగ్గిందని ఒక షాపాయన ఓపిగ్గా వివరించాడు. నాన్న ఒక్క ముక్క నమ్మలేదు.

"నాకు దొరికిన చిప్ప వాళ్లకి దొరకలేదా? ఎవడో గొడౌన్లో దాచుంటాడు. రేటు పెరిగాక వదుల్తాడు. మనకి తెలీదా ఏంటి" అన్నాడు. అంత బాగా ఎలా తెలుసో నేను అడగలేదు.

చివరికి ఆ షాపాయనే ముందుగా బుక్ చేసుకోమన్నాడు. నాన్న ఫోను లాక్కున్నాడు. "అంటే పూత మీద కొనడమేగా? మధ్యలో గాలివానొస్తే ఎవరిది పూచీ?" చెట్టు పూత మీద ఉండగానే తోట కాపంతా కొనేయడం మా ఇంటా వంటా ఉన్నదే. అవతల ఆయనకి మాత్రం కంప్యూటర్ల షాపులో గాలివాన ఎలా వస్తుందో అర్థం కాలేదు. అయినా బుక్ చేశాడు.

కోతలు జోరుగా సాగుతున్నప్పుడు షాపాయన ఫోన్ చేశాడు. ఒక్కటే పీసు వచ్చిందట. దొంగల భయంతో మామూలు అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ టేపు వేసి బస్సులో పంపాడు. ఆటో అతను దాన్ని తెచ్చి మా షెడ్డులో దించిపోయాడు. ఎక్కడ దించాడంటే, ఏటా చుట్టాలకి పంపే రసాల పెట్టెల వరస పక్కన.

ఆ పూట నేను బాపులపాడులో ఒక తోట చూడ్డానికి వెళ్లాను. వచ్చేసరికి చుట్టాల పెట్టెలన్నీ బయల్దేరిపోయాయి. వీడియో గేమ్ మాత్రం రాలేదు. బస్సువాళ్లని అడిగాను, ఆటో అతనితో పోట్లాడాను. షెడ్డులో మాత్రం ఒక రసాల పెట్టె ఎక్కువై మిగిలింది. ఎవరిదో తెలియక అందరం కూర్చుని తినేశాం. చాలా బాగున్నాయి. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా, రాలేదు.

నాలుగైదు రోజులకి విశాఖపట్నం నుంచి మేనత్త ఫోన్ చేసింది.

"ఏంటమ్మా, ఈసారి పళ్లు బొత్తిగా వాసనే రావట్లేదు. గోనెపట్టా కూడా కప్పాను. చిల్లులోంచి వేలు పెట్టి నొక్కితే రాయిలా ఉంది. లోపలంతా తెల్లగా కనపడుతోంది. ముదరకుండానే కోయించేశావా? మా తమ్ముడు లేకపోతే ఇంతే మరి."

మామిడి వ్యాపారిని అంతకంటే పెద్ద మాట అనలేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాయ ముదరకపోవడమేంటి, నేను దగ్గరుండి కోయించాను. గట్టిగా జవాబు చెప్పబోయి ఆగిపోయాను. కాయ ఎంత పచ్చిదైనా అంత తెల్లగా ఉండదు. థర్మోకోల్ ఉంటుంది.

"అత్తయ్యా, ఆ పెట్టె తెరవండి."

"మాగేదాకా తెరవొద్దని పైన రాశారుగా?"

ప్యాకింగ్ చేసే పెద్దావిడని అడిగాను. "అవునమ్మా, ఆ ఒక్క పెట్టెకే గాలాడే చిల్లుల్లేవు. పళ్లు కుళ్లిపోతాయని నేనే పొడిచాను" అంది. స్క్రూడ్రైవరుతో పొడిచిందట. దేవుడి దయ, పోట్లన్నీ థర్మోకోల్ దగ్గరే ఆగాయి.

పెట్టె తిరిగొచ్చింది, పనిచేసింది. మర్నాటి నుంచి నా ఫోను మూగబోయింది. ఎంత హాయిగా ఉందంటే, మధ్యాహ్నానికి ఛార్జింగ్ ఉందో లేదోనని రెండుసార్లు చూసుకున్నాను. సాయంత్రం చింతలపూడి వైపు మబ్బు పట్టింది. మిగిలిన రసాలు కోయించాలా, ఇంకో రెండ్రోజులు చెట్టునే ఉంచాలా తేలలేదు. చివరికి నేనే నాన్నకి ఫోన్ చేశాను.

"ఉండమ్మా, ఆఖరి ఓవర్" అని పెట్టేశాడు.

ఆ మబ్బు కింద నిలబడి ఇద్దరినీ తిట్టుకున్నాను, నాన్ననీ, నన్నూ. తర్వాత కోత ఆపమన్నాను. వాన పడలేదు. రెండ్రోజులాగి కోయించిన కాయల్లోంచి మంచివి ఏరి అత్తయ్యకి పంపాను, ఈసారి అడ్రసు నేనే అంటించి.

ఆవిడ ఫోన్ చేసేసరికి నేను ఇంట్లో అన్నం తింటున్నాను. చేయి ఖాళీ లేక స్పీకర్లో పెట్టాను.

"ఇవీ పళ్లంటే. మా తమ్ముడు లేచి తిరుగుతున్నట్టున్నాడే. వాడి చెయ్యి పడితేనే ఆ రుచి."

నేను ముద్ద కలుపుతూ నాన్న వైపు చూశాను.

టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే నాన్న గొంతు పెంచాడు. "నేను కాదక్కా, అదే కోయించింది. నన్నడిగితే మబ్బుకి భయపడి ముందే కోసేసేవాణ్ణి" అని, వెంటనే, "అబ్బా, నీతో మాట్లాడుతూ అవుటైపోయాను" అని విసుక్కున్నాడు.